మదాం గారి వైన్ పాఠం

నిన్న ఒక ఎర్ర వైన్ సీసా బిరడా లాగానో లేదో, గుప్పుమని నేరేడుపళ్ల వాసన, దాని వెనకాలే మిరియాల ఘాటు. నా దగ్గర హోటల్ పని నేర్చుకుంటున్న పిల్లలు “షిరాజ్ మేడమ్, షిరాజ్!” అని ఒక్కసారిగా అరిచారు. వాళ్లు చెప్పిన ద్రాక్ష రకం సరిగ్గా సరిపోయింది. వాళ్లకంటే నాకే సంతోషం ఎక్కువైంది. ఆ వాసన తగిలితే చాలు, నేను కాకినాడలో మొదట పనిచేసిన హోటల్ వంటగది పక్కన, మదాం సత్యవతి గారి ముందు చేతులు కట్టుకుని నిలబడిపోతాను.

మేడమ్ కాదు, మదాం. ఆవిడ యానాం మనిషి. భర్త ఫ్రెంచి సైన్యంలో పనిచేయడంతో చాలా ఏళ్లు ఆ దేశంలోనే ఉండి, అక్కడి భోజనశాలల్లో వైన్ వడ్డించి, ఆయన పోయాక తిరిగి వచ్చేశారు. సముద్రంలో గ్యాసు తవ్వకాలు మొదలై కాకినాడకి విదేశీ ఇంజనీర్లు దిగుతున్న రోజులవి. వాళ్లకి భోజనం దగ్గర వైన్ కావాలి. మా హోటల్లో దాని సంగతి తెలిసిన నాథుడు లేడు. అలా మదాం మా రెస్టారెంటు మేనేజరయ్యారు. జరీ అంచు చీర, నోట్లో ఫ్రెంచి, టిఫిన్ క్యారేజీలో గోంగూర పచ్చడి! మాలో ఎవరైనా గ్లాసు పగలగొడితే ఫ్రెంచిలో తిట్టేవారు. కోపం నిజంగా వస్తే మటుకు తెలుగే.

నేనప్పుడే హోటల్ కోర్సు ముగించుకుని, పాలకొల్లు దగ్గర మా పల్లె నుంచి కొత్తగా వచ్చాను. వడ్డించేవాళ్లలో ఆడపిల్లని నేనొక్కదాన్నే. మొదటిరోజే ఆవిడ నన్ను నిలబెట్టి, “డ్రై వైన్ అంటే ఏంటే?” అని అడిగారు. డ్రై అంటే పొడి కదా, ఆలోచించేదేముంది? “పొడి వైన్ అండి. నీళ్లలో కలుపుకుని తాగుతారు” అన్నాను ధీమాగా. మావాళ్లందరూ పొట్టలు పట్టుకున్నారు. మదాం కూడా నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, “తీపి లేనిదాన్ని డ్రై అంటారే పిచ్చిమొహమా! ద్రాక్షలో తీపంతా పులిసిపోయి కరిగిపోతే అది డ్రై. కాస్త మిగిలితే తియ్యటి వైన్” అన్నారు. ఆ మాట ఈ జన్మకి మరిచిపోను.

మర్నాడు ఆవిడ పుస్తకం తేలేదు, బజారు సంచీ తెచ్చారు! నేరేడుపళ్లు, లేత జామకాయలు, దబ్బకాయ, పనసతొనలు, వెన్న. “ముందు ఇవి తినండి” అన్నారు. జామకాయ కొరకగానే నాలుక పిడచకట్టుకుపోయింది. “ఏమైంది?” “వగరండి.” “అదే! ఎర్ర వైన్‌కి బలం ఆ వగరే. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉంటుంది. తొక్కతో సహా పులియబెడితే ఎరుపు. రసం ఒక్కటే పులియబెడితే తెలుపు. తొక్కని కాసేపు నానబెట్టి తీసేస్తే గులాబి రంగు. సీసాలో పెట్టి రెండోసారి పులియనిస్తే బుడగలు. అంతే! దీనికి వగరు, పులుపు, తీపి, చిక్కన, పలచన… ఈ మాటలన్నీ మీ అమ్మలు మీకు నేర్పేశారు. నేను పేర్లు చెబుతాను, చాలు” అన్నారు. తాగి మింగనిచ్చేవారు కాదు. పుక్కిట పట్టి ఉమ్మేయడమే. కానీ ఆ చుక్కలోనే ఎన్ని సంగతులు తెలిసేవో!

ఆవిడ ద్రాక్ష రకాల పేర్లు చెప్పే తీరే వేరు. సావిన్యాన్ బ్లాంక్ అంటే పచ్చిమామిడి, అప్పుడే కోసిన గడ్డి. కొయ్య పీపాలో ఊరిన షార్డొనే అంటే వెన్న కాచిన వాసన. పినో న్వార్ చారులా పలచన, కానీ రుచి వదలదు. కాబర్నే మాత్రం కొత్తల్లుడు. “బిరడా తియ్యగానే బిగుసుకుని కూర్చుంటుందే. కాసేపు గాలి తగలనివ్వు, అప్పుడు నోరు విప్పుతుంది” అనేవారు. పులసల కాలంలో ఇంటినుంచి పులుసు వండి తెచ్చి, దాని పక్కన ఏ వైన్ నప్పుతుందో మమ్మల్నే తేల్చుకోమన్నారు. ఎర్ర వైన్ ఎంచుకున్న మావాడొకడికి కారం నషాళానికంటి కళ్లలో నీళ్లు తిరిగాయి. మదాం కాస్త తీపి మిగిలిన చల్లటి తెలుపు పోశారు. కారం తగ్గింది, చింతపండు పులుపు తేటగా తేలింది. నేను ఎగిరి గంతేశాను. చదువుకునే రోజుల్లో ఏ పాఠానికీ నేను అలా గంతెయ్యలేదు.

ఇంతలో ఎవరో మా నాన్న చెవిన వేశారు, మీ అమ్మాయి కాకినాడ వైన్స్‌లో చేస్తోందని. మా వైపు వైన్స్ అంటే బ్రాందీ కొట్టు. బోర్డు మీద తప్ప లోపల వైన్ ఉండదు! పొద్దున్నే బస్సెక్కి వచ్చేశారు నాన్న. “సామాను సర్దుకో. ఇంటా వంటా లేని పని నీకెందుకు?” అన్నారు. ఆ పని పోతే నేను మళ్లీ బతకగలనా అనిపించింది. మదాం వాదించలేదు. “అన్నయ్యగారూ, ఎండనపడి వచ్చారు. భోంచేసి, మీ అమ్మాయి ఏం చేస్తుందో ఒక్కపూట చూసి, తీసుకెళ్లిపోండి” అన్నారు. నాన్న మూల బల్ల దగ్గర కూర్చున్నారు, మొహం గంటు పెట్టుకుని.

ఆ పూట ఒక రొయ్యల వ్యాపారి ఇద్దరు విదేశీ అతిథుల్ని తెచ్చి, మా దగ్గరున్న వాటిలో ఖరీదైన ఎర్ర వైన్ తెమ్మన్నారు. బిరడా లాగి, చిన్న గ్లాసులో పోసి, వాసన చూశాను. పండు వాసన లేదు. ఇంకేదో ఉంది. “ఇది బాలేదండి, మార్చి తెస్తాను” అన్నాను. ఆయన కస్సుమన్నారు. “నాకే చెప్తావా? సీల్ చేసిన సీసా చెడిపోవడమేంటి?” మదాం వచ్చి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, నావైపు తిరిగి, “ఏం వాసనే?” అన్నారు. నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎగిరిపోయింది. “వానకి తడిసి ముక్కిపోయిన ధాన్యం బస్తా వాసన మదాం” అన్నాను. ఆవిడ క్షణం ఆగలేదు. “అయితే బిరడా చెడ్డదన్నమాట, ఆ కంపే వైన్‌కి పట్టింది. సీసా వెనక్కి, కొత్తది తీయ్” అన్నారు.

అప్పుడు మూల బల్ల దగ్గర కుర్చీ చప్పుడైంది. ధాన్యం మాట వినబడితే వరి పండించే మా నాన్న కూర్చోలేరు మరి! వచ్చి, “ఏదమ్మా, ఓసారి ఇలా ఇయ్యి” అని గ్లాసు అందుకుని, మిల్లు దగ్గర గుప్పెడు గింజలు తీసి చూసినట్టే కళ్లు మూసుకుని వాసన పీల్చారు. “ముక్కిందండి. తుఫానొచ్చిన ఏడు మా బస్తాలన్నీ ఇదే వాసన” అన్నారు వ్యాపారితో. కొత్త సీసా తీసి పక్కన పెట్టాక ఆ వ్యాపారి కూడా రెండూ వాసన చూసి, “ఔనండోయ్!” అని తేలిగ్గా నవ్వేశారు. సాయంత్రం గుమ్మంలో నాన్న నేను సర్దిపెట్టిన సంచీ వైపు చూసి, “అది లోపల పెట్టుకో. ఊళ్లో అడిగితే నేను చెప్పుకుంటాలే” అని, ఒక్కరే బస్టాండుకి నడిచారు. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చేశాయి.

పరిగెత్తుకుంటూ వెళ్లి మదాం చేతులు పట్టేసుకున్నాను. “మీరు వాసన చూడగానే కనిపెట్టేశారు కదా మదాం!” ఆవిడ నన్ను వింతగా చూశారు. “ఏం కనిపెట్టడమే! పొద్దున్నించీ జలుబు. ముక్కు దిబ్బడేసి కాఫీ వాసన కూడా తెలీలేదు.” “మరి నేను పొరపాటు పడి ఉంటే?” “ఏముంది, ఇద్దరం కలిసి తిట్లు తినేవాళ్లం. ముందు బల్లలు తుడు.”

మదాం పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా దగ్గర ఏ పిల్లయినా గ్లాసు పట్టుకుని, భయపడుతూ, “ఇది బాలేదనిపిస్తోంది మేడమ్” అంటే, నేను మారు మాట్లాడకుండా ఆ సీసా పక్కన పెట్టించేస్తాను. ఆ పిల్ల అటు వెళ్లాక, ఎవరూ చూడకుండా నేనోసారి వాసన చూస్తాను. మదాం గారంత గుండె నాకింకా రాలేదు.