మోతి దగ్గుల పట్టిక

ఆ రోజుల్లో లోకంలో లెక్కకు అందని వస్తువు ఒకటి ఉంటుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. తొంభైల చివరి సంవత్సరాలు. ఇప్పుడు హైటెక్ సిటీ అని పిలుస్తున్న చోట అప్పటికి అద్దాల మేడల కంటే బండరాళ్ళే ఎక్కువ. ఏనుగులంతేసి రాళ్ళు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉండేవి. మేము వాటిని పేల్చి, పగలగొట్టి, టిప్పర్లకెత్తి పంపేవాళ్ళం. మేము అంటే నేను కాదు లెండి. పగిలిన రాయిని కుప్పలు పోయించి, పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి, రాళ్ళ మధ్య సందులకు ఇంత అని తీసేసి, మిగిలింది పుస్తకంలో రాయడం నా పని. డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆపేసి తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. కోఠీలో పాత పుస్తకాల అంగట్లో దొరికిన ఒక పుస్తకం చూసి నేర్చుకున్నాను. దానికి మొదటి పదహారు పేజీలు లేవు (ఆ పదహారు పేజీల్లో ఏముందోనన్న బెంగ నాకిప్పటికీ ఉంది). అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. సైటులో అందరూ నన్ను 'లెక్కల సారు' అనేవాళ్ళు. అందులో సగం వెక్కిరింత అని అప్పట్లో తెలియదు.

సైటుకు కాపలా ఖాజాగూడకు చెందిన ఒక ముసలాయన. అందరికీ తాతే. భార్య పోయాక గేటు పక్క రేకుల షెడ్డులోనే ఉండేవాడు. ఆయనకు తోడు మోతి. తెల్ల మచ్చలున్న నల్ల ఆడకుక్క, తొమ్మిదేళ్ళది. ఎవరూ అప్పగించకుండానే మోతి ఒక ఉద్యోగం చేసేది. లోడుతో బయలుదేరిన ప్రతి టిప్పర్ వెనకా గేటు దాకా పరుగెత్తి, అది రోడ్డెక్కాక, కాగితం మీద సంతకం పెట్టి పంపినంత ధీమాగా తిరిగొచ్చేది. "నా ఇంట్ల మనిషి ఇదొక్కతే సారూ. నేను తిన్ననా లేదా అని సూసేది గూడ ఇదే," అనేవాడు తాత. అది నిజం. ఆయన మొదటి ముద్ద తినేదాకా మోతి తన గిన్నె ముట్టేది కాదు.

అలాంటి మోతి ఒక ఎండాకాలం దగ్గడం మొదలుపెట్టింది. మెడ ముందుకు చాపి, ఖంగు ఖంగుమని దగ్గి దగ్గి, చివర కక్కబోతున్నట్టు చేసి, కాస్త తెల్ల నురుగు వదిలేది. కూలీలకు వండిపెట్టే వంటామె చూసి, "గొంతుల కోడిబొక్క ఇరికింది, అన్నం ముద్ద మింగిస్తే దిగుతది," అంది. (బొక్కంటే ఎముక.) ముద్ద మింగించారు. మోతి ముద్ద సంతోషంగా మింగి, ఇంకొకటి ఉందేమోనని చూసి, మళ్ళీ దగ్గింది. నేను మాత్రం అది దుమ్ము దగ్గని తేల్చేశాను. రాయి పొడి లేస్తోంది, కుక్క పీలుస్తోంది, దగ్గుతోంది. ఇంత సులువైన విషయానికి డాక్టరు దాకా పోవడమెందుకని నా అభిప్రాయం. (అడిగినవాళ్ళెవరూ లేరు. అయినా చెప్పాను.)

చిక్కు మా ఇంజనీరు గారి నుంచి వచ్చింది. ఆయన పుట్టినరోజుకు కూడా గడువు పెట్టే మనిషి, అందుకని చాటుగా 'డెడ్‌లైన్ సారు' అనేవాళ్ళం. వచ్చే సోమవారం బొంబాయి నుంచి కంపెనీ పెద్దలు సైటు చూడ్డానికి వస్తున్నారు. ఆయన కంట్లో మోతి నోటి నురుగు పడింది. "అది పిచ్చి కుక్కేమోనయ్యా. ఎవర్నన్నా కరిస్తే ఎవడు సమాధానం చెప్తాడు? శనివారం పది గంటల దాకా చూస్తాను. తగ్గకపోతే కుక్కల బండికి ఫోన్ చేస్తా," అన్నారు. కుక్కల బండి ఎక్కిన కుక్క తిరిగి రావడం ఎవరూ చూడలేదు. తాత తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. అది సరిగ్గా కుదరక ఇంకోసారి చుట్టుకున్నాడు.

"తాతా, నువ్వు బెంగ పెట్టుకోకు. నేను లెక్క కట్టి చూపిస్తాను," అన్నాను.

ఆయన ఆ మాట అన్న సోమవారం నుంచే పట్టిక మొదలైంది. పగటి దగ్గులు నేను రాసుకునేవాణ్ణి, రాత్రివి తాత వంతు. ఆయనకు రాయడం రాదు కాబట్టి ఒక డబ్బా ఇచ్చి, మోతి దగ్గినప్పుడల్లా ఒక కంకరరాయి వేయమన్నాను. మర్నాడు పొద్దున డబ్బా బోర్లిస్తే ముప్పై ఒక్క రాళ్ళు. తాత తల గోక్కుని, "నేను దగ్గినప్పుడు గూడ ఏసిన గావొచ్చు సారూ. బీడీ దగ్గు, ఊకెనే వస్తది," అన్నాడు. ఇద్దరం కూర్చుని, ఏ దగ్గు ఎవరిదో గుర్తు చేసుకుని, ఆరు మోతివని ఒప్పందానికి వచ్చాం. మర్నాటి నుంచి రెండు డబ్బాలు. తాత డబ్బా ఎప్పుడూ బరువుగా ఉండేది. కానీ దాని గురించి ఇంజనీరు గారు అడగలేదు కనుక నేనూ రాయలేదు.

పట్టిక నాకిప్పటికీ కంఠస్థం. పగటివి ముప్పై ఎనిమిది, ముప్పై మూడు, ఇరవై అయిదు, పదిహేను, ఎనిమిది. రాత్రివి ఆరు, ఏడు, తొమ్మిది, పదకొండు, పదమూడు. మంచి లెక్కగాడు విడి అంకెలు చూసి గాభరాపడడు, మొత్తం చూస్తాడు. నేనూ మొత్తమే చూశాను. నలభై నాలుగు, నలభై, ముప్పై నాలుగు, ఇరవై ఆరు, ఇరవై ఒకటి. ఇదే వేగంతో దిగితే మంగళవారానికి సున్నా. గళ్ళ కాగితం మీద గీత గీసి, శనివారం పదికి పది నిమిషాలుండగా ఇంజనీరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. "గీత బాగా దిగుతోందయ్యా. మన పని కూడా ఇలా సాగితే ఎంత బాగుండు," అని కుక్కల బండి ఆలోచన మానుకున్నారు. నేను ఆ గది నుంచి బయటకు వచ్చిన నడకను ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

తాతకు చెబితే సంతోషపడలేదు. "లెక్క మంచిదే సారూ. గని మోతి టిప్పర్ ఎనక ఉరుకుతలేదు. నాలుగొద్దులాయె. నిన్న గేటు దాంక నడిచి, నడుమల్నే కూసున్నది."

"ఎండలు కదా తాతా."

"ఎండలు కొత్తవా దానికి? రాత్రి పండుకుంటలేదు సారూ. పండుకుంటె దగ్గొస్తది, లేసి కూసుంటది. కూసొనే తూగుతది. నా బువ్వ అయినంక గూడ గిన్నె ముడ్తలేదు."

నేను పట్టిక చూపించి మంగళవారం అన్నాను. తాత పట్టికను చూడలేదు, నన్ను చూశాడు. మధ్యాహ్నం రెండింటికి షెడ్డులోంచి ఆయన గొంతు వినిపించి పరుగెత్తాను. మోతి ముందుకాళ్ళు రెండూ ఎడం చేసుకుని, మెడ చాపి, నోరు తెరిచి కూర్చుని ఉంది. డొక్కలు కొలిమి తిత్తిలా ఆడుతున్నాయి. నాలుక రంగు మారి నీలానికి తిరిగింది. దగ్గడం లేదు. ఒక్క దగ్గు కూడా లేదు. నా గీత ప్రకారం అది శుభవార్త.

ఖాళీగా ఉన్న టిప్పర్‌లో డ్రైవరు పక్కన తాత, తాత ఒళ్ళో మోతి, అంచున నేను. లింగంపల్లి దాటాక ఉన్న పశువుల దవాఖానకు వెళ్ళాం. దారి పొడుగునా తాత, "ఇగో వచ్చినం బిడ్డా, ఇగో వచ్చినం," అంటూనే ఉన్నాడు. అక్కడ వరండా నిండా బర్రెలు, మేకలు. ఒక బర్రె పొట్ట మీద చెయ్యి ఉంచి నిలబడిన డాక్టరమ్మ, మేము గేటులో అడుగుపెట్టగానే, ఇరవై అడుగుల దూరం నుంచి మోతిని చూసింది. ముట్టుకోలేదు, అడగలేదు. చూసింది, అంతే. "దాన్ని ఈడికి పట్కరాండ్రి. పండవెట్టకుండ్రి, అట్లనే కూసోనియ్యండ్రి," అంది. బర్రె యజమాని, "అమ్మా, నేను పొద్దుగాల్నే వచ్చిన," అంటే, "నీ బర్రె ఆగుతది. ఇది ఆగదు," అంది.

పెదవి ఎత్తి చిగురు చూసింది. వేలితో నొక్కి, ఎరుపు తిరిగొచ్చేదాకా ఆగింది. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి కళ్ళు మూసుకుంది. సూది వేసింది. "ఎన్ని దినాల సంది?" అంటే తాత నా వైపు చూశాడు. నేను పట్టిక తీసి ఇచ్చాను. ఆమె మొత్తాల గడి చూడనే లేదు. వేలు పగటి వరుస మీదుగా కిందికి, రాత్రి వరుస మీదుగా కిందికి జారింది.

"పగటివి, రాత్రివి ఎందుకు కలిపినవ్?"

"మొత్తం తెలియాలి కదండి."

"విడివిడిగ చూడు. పగలు ఎందుకు తక్కువయినయి? నడుసుడు బందు చేసింది గనక. కదిలితే దగ్గొస్తదని దానికి తెలిసింది. రాత్రి ఎందుకు పెరిగినయి? పండుకుంటే ఊపిరితిత్తుల నీరు మీదికొస్తది గనక. దుమ్ము గాదు, బొక్క గాదు, పిచ్చి గిచ్చి అసలే గాదు. గుండె అలసిపోయింది. ఇదంత నీ కాయితంలనే ఉన్నది."

నా కాగితంలోనే ఉంది. నేనే రాశాను, నేనే గళ్ళు గీశాను. ఆ వ్యాధి అయిదు రోజులు నా చేతి వ్రాతలో నా కళ్ళెదుటే కూర్చుంది. నేను దాన్ని కూడిక కింద పాతిపెట్టాను. అంతవరకు నేను చూసిన పెద్ద పెద్ద బండలేవీ నన్ను అంత చిన్నవాణ్ణి చేయలేదు. చదువంటే ఇదా అని ఆమె వేలి వంకే చూస్తూ ఉండిపోయాను.

ఆమె కోప్పడలేదు. మందు పనిచేసేదాకా అక్కడే కూర్చోబెట్టి, చేతులు కడుక్కుంటూ చెప్పింది. వేరే కుక్కల నుంచి అంటిన దగ్గు కూడా బొక్క ఇరికినట్టే ఉంటుందట, కానీ కుక్క తింటుంది, ఆడుతుంది, వారం పది రోజుల్లో పోతుంది. అంతకు మించి ఉన్నా, తిండి మానినా, ఆయాసపడినా, పడుకోలేకపోయినా దవాఖానకు తేవాలి. చిగుళ్ళు, నాలుక రంగు మారితే గడియ కూడా ఆగకూడదు. "ఇంకోటి. నిద్రల నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో లెక్కవెట్టినవా?"

"లేదండి."

"అన్ని లెక్కవెట్టి, అసలుది ఇడిసిపెట్టినవ్. ముప్పై లోపల ఉండాలె. దాటిందంటే పట్కరా."

అరగంటలో మోతి మూడుసార్లు వరండా తడిపింది (లెక్కపెట్టాను). ఆమె, "నీరు ఎళ్ళుతున్నది, మంచిదే," అని నవ్వి, నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, స్టెతస్కోపు నా చెవులకు తగిలించింది. లోపల ఏదో పరుగెడుతోంది. ఒక్కో అడుగు తరవాత సన్నగా నీటి చప్పుడు, కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి తన్నే చప్పుడట. పిడికిలంత కండ. మామూలుగా నిమిషానికి వంద అనుకున్నా, తొమ్మిదేళ్ళలో నలభై ఏడు కోట్ల సార్లు. నేను నిలబడే కట్టాను ఆ లెక్క. కట్టి, స్టెతస్కోపు తీయకుండా ఇంకాసేపు విన్నాను. ఒక్క రోజు సెలవు లేకుండా, ఎవరూ రాసుకోకుండా, ఆ పని జరుగుతూనే ఉంది.

మాత్రలు మనుషుల మందుల షాపులోనే దొరికాయి. చీటీ మీద మోతి, తొమ్మిదేళ్ళు, ఆడ అని చూసి షాపాయన, "ఈ వయసుకే గుండె జబ్బా, పాపం. మీకేమవుతుందండి?" అన్నాడు. ఆలోచించి, "మా తాత దగ్గర పెరుగుతోందండి," అన్నాను.

మోతి ఆ తరవాత ఇంకో ఏడాది పైన బతికింది. దాన్ని పరుగెత్తనివ్వొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ మాట మోతికి చెప్పగలిగేవాళ్ళు లేక, తాత టిప్పర్ డ్రైవర్లకు చెప్పాడు. "జర నిమ్మలంగ పోండ్రి బిడ్డా, దానికి ఉరుకుడు మంచిది గాదు." అన్నేసి టన్నుల రాయి మోసుకుని ఆ టిప్పర్లు గేటు దాకా ఒక ముసలి కుక్క నడక వేగంతో వెళ్ళేవి. రోజుకు లోడ్లు ఎందుకు తగ్గాయని డెడ్‌లైన్ సారు అడిగితే, దారి బాగా లేదని రాశాను. నా కొలతల పుస్తకంలో అబద్ధం అదొక్కటే.

కానీ ఎక్కువగా గుర్తుకొచ్చేది దవాఖానకు వెళ్ళొచ్చిన మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం. పేలుళ్ళు లేవు, టిప్పర్లు లేవు. రేకుల షెడ్డు నీడలో మోతి పక్కకు తిరిగి పడుకుని నిద్రపోతోంది. పడుకుని. నేను గడియారం చేతిలో పట్టుకుని, దాని డొక్క లేచి పడడం చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. శనివారం రాత్రి ఇలాగే లెక్కపెడితే నలభై ఎనిమిది ఉండింది.

"ఎంత సారూ?" అన్నాడు తాత గుసగుసగా.

"ఇరవై ఆరు."

"మంచిదేనా?"

"మంచిదే తాతా. ముప్పై లోపలే."

తాత మోతి వంకే చూస్తూ, "ఇంకోపాలి లెక్కవెట్టు," అన్నాడు.

"సరిగ్గానే లెక్కపెట్టాను తాతా."

"సరిగనే పెట్టినవ్. ఎవరు కాదన్నరు? నువ్వు లెక్కవెడుతుంటె ఇనబుద్ధయితున్నది."

ఒకే కొలతను రెండుసార్లు కొలవడం దండగ అని నమ్మే ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడు, గడియారం జేబులో పెట్టేసుకుని, మోతి లేవకుండా చిన్న గొంతుతో మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఎంతవరకు వెళ్ళాడో నాకు గుర్తులేదు. ఎక్కడా రాసుకోలేదు.