చెట్టు మీద కాయ

మామిడి తోట చూసి ఎన్ని టన్నుల కాయ దిగుతుందో చెప్పడం నా పని. ఎవరూ నేర్పలేదు. చదువు పదో తరగతితో ఆగిపోయాక, తిరువూరు చుట్టుపక్కల తోటలు కొనే వ్యాపారుల వెంట తిరుగుతూ నాకు నేనే పట్టుకున్నాను. ఒక కొమ్మకున్న కాయ లెక్కపెడతాను. అలాంటి కొమ్మలు ఆ చెట్టుకి ఎన్నున్నాయో చూస్తాను. ఆకు చాటున కనపడని కాయకి కొంత కలుపుతాను. మంచి చెట్టు, నడిమి చెట్టు, నాసి చెట్టు వేరువేరుగా చూసుకుని తోటంతటికీ కడతాను. బేరం పిందె మీద జరుగుతుంది కాబట్టి, కోత నాటికి గాలికీ ఎండకీ పురుగుకీ పోయేదాన్ని ముందే తీసేయాలి. దాన్ని తరుగు అంటాం. ఎంత తియ్యాలో తెలిసినవాడికే ఈ పనిలో అన్నం.

రెండేళ్ల కిందట నా తరుగు పెరగడం మొదలైంది. ఆ సంగతి నాకు తెలియలేదు. ముందు పసిగట్టింది భాయ్. నేను ఎక్కువగా పని చేసేది అతనికే. నాకంటే చిన్నవాడు, వాళ్ల నాన్న కాలం నుంచీ పండ్ల వ్యాపారం. నా మాట మీదే తోటకి ధర కడతాడు. ఆ ఏడు నా లెక్క పట్టుకుని అతను తక్కువ ధర చెప్పినచోటల్లా రైతులు నవ్వి తోట వేరేవాళ్లకి ఇచ్చేశారు. విస్సన్నపేట దగ్గర ఒక రైతు నా ముందే అతన్ని అడిగాడు, మీ లెక్కల మనిషి నా తోట చూశాడా, పక్క పొలం చూశాడా అని.

తిరిగి వస్తూ భాయ్ టీ కొట్టు దగ్గర బండి ఆపాడు. సగం టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అన్నా, కాయ నువ్వు సరిగ్గానే చెప్తున్నావ్. తీసేటప్పుడే ఆగట్లేదు. గాలికి తీస్తావ్, మళ్లీ వడగళ్లకి తీస్తావ్, మళ్లీ ఇంకోదానికి. ఏమైంది నీకు?"

గ్యాస్ అని చెప్పాను. నిజంగానే అలా అనుకున్నాను. గుండె దడ, ఛాతీ మీద బరువు, అరిచేతుల్లో చెమట. వాము నమిలాను, సోడాలు తాగాను. డాక్టరు గుండె పరీక్షలు చేయించి అంతా బాగుందన్నాడు. మా ఆవిడ సంతోషపడి నెమలి ఊళ్లో గుడికి వెళ్లి స్వామికి మొక్కు తీర్చుకుని వచ్చింది. నాకు మాత్రం సంతోషం కలగలేదు. ఏదో ఒకటి దొరికితే దానికి మందు ఉండేది కదా అనిపించింది.

తరుగు తోటల్లోనే ఆగలేదు. మా ఆవిడ సంతకి వెళ్లి కాస్త ఆలస్యమైతే, ఆమె లేని ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడే ఊహించుకునేవాణ్ణి. ఫోను మోగితే ఎవరో పోయారనుకునేవాణ్ణి. పోయేదాన్ని ముందే తీసేసుకుంటే పోయినప్పుడు దెబ్బ తగలదని నా లెక్క. అలా తీసుకుంటూ పోతే చేతిలో మిగిలింది ఏమీ లేదు. తర్వాత భయపడే ఓపిక కూడా పోయింది. స్నానం పెద్ద పనిలా ఉండేది. మరుసటి పూత సమయానికి నేను మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తున్నాను.

భాయ్ ఇంటికి వచ్చాడు. పక్కన కూర్చుని, కాన్పు తర్వాత వాళ్ల అక్క ఇలాగే అయిపోయిందని చెప్పాడు. దర్గాల చుట్టూ తిప్పారట, తాయెత్తులు కట్టారట. చివరికి విజయవాడలో మానసిక వైద్యుడికి చూపిస్తే మెల్లగా లేచిందట.

మా ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. "పిచ్చి డాక్టరు దగ్గరికా? తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

"గ్యాస్ డాక్టరని చెప్పండి వదినా. ఊళ్లో సగం మందికి గ్యాసే కదా."

ఆమె నవ్వలేదు. కానీ మర్నాడు నా చొక్కా ఇస్త్రీ చేయించి, నాతో పాటు బస్సెక్కింది.

డాక్టరు నిద్ర గురించీ తిండి గురించీ అడిగాడు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా మామూలు గొంతుతోనే అడిగాడు. అంత దూరం పోలేదన్నాను. పొద్దున మెలకువ రాకపోతే బాగుండునని మాత్రం చాలాసార్లు అనిపించిందన్నాను. పక్కనే ఉన్న మా ఆవిడ నా వైపు తిరగకుండా నా మోచెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా ఆమెకి ఆ మాట చెప్పలేదు.

ఇది ఆందోళన జబ్బు, దాన్ని ఎక్కువ కాలం మోస్తే మనసు కుంగిపోతుంది, రెండూ కలిసి రావడం మామూలే అన్నాడు ఆయన. మాత్రలు పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందనీ, బాగుంది కదా అని సొంతంగా ఆపొద్దనీ చెప్పాడు. అక్కడే ఉన్న కౌన్సెలర్ మేడంతో మాట్లాడటానికి వస్తుండమన్నాడు. ఎంత శాతం తగ్గుతుంది సార్ అని అడిగాను. తగ్గుతుంది, లెక్క మాత్రం చెప్పలేనన్నాడు. తిరుగు బస్సులో ఆ మాటే నన్ను తినేసింది.

మాత్రలతో మొదట నిద్ర వచ్చింది. తర్వాత ఆకలి. పని మీద ధైర్యం మాత్రం రాలేదు. ఈలోగా వేరే లెక్కల మనిషిని పెట్టుకోమని భాయ్‌కి చాలామంది చెప్పారు. అతను పెట్టుకుంటే నాకు వేరే బతుకు తెరువు లేదు, ఈ వయసులో ఇంకొకటి నేర్చుకోలేను. ఆ ఏడు కాపు ఎలాగో దాటిపోయింది. మరుసటి పిందె నాటికి అతనే వచ్చి రెడ్డిగూడెం తోటకి రమ్మన్నాడు. నా వల్ల కాదన్నాను.

"తరుగు సంగతి నీకొద్దు. చెట్టు మీద ఉన్న కాయ వరకూ చెప్పు. తియ్యడం నేను చూసుకుంటా."

అవమానంగా అనిపించింది. పాతికేళ్ల పనిలో సగం చేతిలోంచి లాక్కున్నట్టుంది. కాదనే ఓపిక లేక వెళ్లాను.

ఎప్పుడూ గంటలో ముగించే తోట మధ్యాహ్నం దాకా పట్టింది. చూసిన చెట్టే మళ్లీ చూశాను. లెక్క నోటిదాకా వచ్చాక, కొంత తగ్గించి చెప్పమని లోపల ఒకటే పోరు. భాయ్ తొందరపెట్టలేదు. చివరికి కళ్లకి కనపడింది కనపడినట్టు చెప్పేశాను. అతను తలూపి రైతు దగ్గరికి నడిచాడు. బేరం వినే శక్తి లేక బండి దగ్గరే కూర్చుండిపోయాను. కాసేపటికి వచ్చి, తోట మనదేనన్నాడు.

ఇప్పుడూ అలాగే చేస్తున్నాం. మాత్ర వేసుకుంటున్నాను, విజయవాడ వెళ్లొస్తున్నాను. కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని ఉండవు. నేను కాయ చెప్తాను, భాయ్ తరుగు తీస్తాడు. ఎంత తీశాడో అడగను. అడగకుండా ఉండటం ఇప్పటికీ కష్టంగానే ఉంది.