కడుపునొప్పి అని రాయనివ్వని డాక్టరమ్మ

పోయిన మంగళవారం పొద్దున హిందూపురంలో డాక్టరమ్మ చనిపోయారు. గుండెపోటు. పెనుకొండలో, ధర్మవరంలో కూడా ఆమెను 'పోస్టుమార్టం డాక్టరమ్మ' అనే అనేవారు. పెళ్లి విందులో ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. ఇంట్లో అనుమానపు చావు జరిగితే మాత్రం ఆమే రావాలని పట్టుబట్టేవారు. వాళ్లెవరో కాదు, మనమే.

ఆమెతో నా పరిచయం చీవాట్లతో మొదలైంది. కనగానపల్లి వైపు కూలి పనిచేసే ఒక ఆడమనిషి చనిపోతే 'కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య' అని పత్రికకు వార్త పంపాను. ఎవరో చెప్పారు, నేను రాశాను. ఏ పత్రికైనా తిరగెయ్యండి, మన ఆడవాళ్లంతా కడుపునొప్పితోనే పోతారు. మరుసటి రోజే ఫోన్.

"ఏమప్పా, ఆ కడుపు కోసి చూసింది నేను. నొప్పి నీకు యాడ కనపడింది?"

హక్కుల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చే నేను, ఆ మనిషి ఎందుకు పోయిందని అడగనైనా అడగలేదు. ఆ వార్త కత్తిరింపు ఇంకా నా దగ్గరే ఉంది. పారెయ్యడానికి చెయ్యి రాదు.

తర్వాత ఆమె రీల్స్ మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. చావు మీద లైకులు ఏరుకుంటారా అని అడిగాను.

"నువ్వు ఇన్నేండ్లుగా కరపత్రాలు పంచుతాండావే, పకోడీలు కట్టేదానికి తప్ప పనికొచ్చినాయా అబ్బా?" అని నవ్వారు. "ఈ పనికి పిల్లోళ్లు రావల్ల. వాళ్లు ఫోన్లో ఉండారు. నేనూ ఆడికే పోతాండా."

ఆ వీడియోల్లో శవం ఎప్పుడూ కనిపించలేదు. ఏ కేసు పేరూ వినిపించలేదు. ఒకసారి ధర్మవరంలో మగ్గం పక్కన కూర్చుని, పనికిరాని పట్టుముక్కను కత్తెరతో కోశారు. ఇంకోదాన్ని చేత్తో చించారు. కత్తికి తెగిన చర్మానికీ, దెబ్బకు చిట్లిన చర్మానికీ అంచుల్లో ఇట్లాంటి తేడానే ఉంటుందని చూపించారు. మగ్గం మీదున్న నేతాయన ఉండబట్టలేక అన్నాడు: "పట్టును అట్ల చించుతాంటే పానం పోతాది మేడమ్."

"నాకూ అంతేనప్పా, రోజూ."

ప్రతి వీడియో చివరా వైద్యం చదివే పిల్లలకు ఒకటే మాట: "ఈ పేషెంటు నోరు తెరిచి చెప్పలేడు. ఎవురో ఒకరు నేర్చుకోవల్ల. రాండి." చూసినవాళ్లు లెక్కలేనంతమంది. వచ్చినవాళ్లు లేరు. వస్తానన్న ఒక్క పరిగి అమ్మాయినీ ఇంట్లోవాళ్లు చర్మవ్యాధుల చదువుకు మళ్లించారు. నేను ప్రభుత్వాన్ని తిట్టాను, ఆ తల్లిదండ్రుల్నీ తిట్టాను. ఆమె ఎవరినీ తిట్టలేదు. "నాకు ఒక్కరు చాలప్పా. నా తర్వాత కత్తి పట్టేదానికి." ఆ ఒక్కరూ రాకముందే ఆమె వెళ్లిపోయారు.

నిన్న ఒక మార్చురీ ముందు నుంచి పోతూ ఆగాను. గోడ నీడలో ఒక కుటుంబం పొద్దుటినుంచీ కూర్చుని ఉంది. లోపల వాళ్ల బిడ్డ. డాక్టరు ఎక్కడినుంచో రావాలట. ఒక అవ్వ చేతిలోని ఫోన్లోంచి డాక్టరమ్మ గొంతు వినిపిస్తోంది: "భయపడాకండి. మీ బిడ్డకు ఏమైందో అడిగే హక్కు మీకుండాది."

అవ్వ నన్ను చూసి అడిగింది: "ఏమప్పా, మా పాపను చూసేదానికి ఈయమ్మే కదా వచ్చేది?"

వీడియో అయిపోయి, దానంతటదే మళ్లీ మొదలైంది. ఆటో చప్పుడు వినిపించినప్పుడల్లా వాళ్లంతా గేటు వైపు తల తిప్పుతున్నారు.