నాచారం మేడమీద అత్తమ్మ బ్యాలే

ఆ రోజుల్లో హైదరాబాదు శివారు నాచారంలో ఏ మేడ ఎక్కినా అక్కడ ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్పుతూ ఉండేవారు. ఒక మేడమీద కంప్యూటరు, ఇంకొక మేడమీద ఇంగ్లీషులో తడబడకుండా మాట్లాడటం, దాని పక్క మేడమీద కుట్టుమిషను. వాటి మధ్య, ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పై అంతస్తులో, పెద్దవాళ్ళకు బ్యాలే నేర్పేవారని నేను చెబితే ఇప్పటి పాఠకులు నమ్మకపోవచ్చు. అందుకు నేను నొచ్చుకోను. ఋజువు అడగడం మంచి అలవాటు. కాబట్టి నాకు నిశ్చయంగా తెలిసినవాటిని, విన్నవాటిని ముందే వేరుచేస్తాను. నేర్పిన ఆమె లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్ అనీ, అరవై దాటినదనీ, అందరం ఆమెను 'మిస్' అని పిలిచేవాళ్ళమనీ నిశ్చయం. పడుచుతనంలో కలకత్తాలో ఒక విదేశీ బృందంతో కలిసి నర్తించిందనీ, మడమ విరిగి తిరిగివచ్చిందనీ, ఏదో ఆఫీసులో టైపిస్టుగా పనిచేసి, రిటైరైన తరువాతే మళ్ళీ బ్యాలే బూట్ల నాడాలు కట్టిందనీ విన్నాను. మడమ మీద మచ్చను నేను కళ్ళారా చూశాను. కలకత్తాను చూడలేదు.

నేను అప్పుడే నాచారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షించే విభాగంలో చేరాను. మాత్ర చూడటానికి ఎంత తెల్లగా మెరిసినా, పరీక్ష ముగిసేదాకా అది సుద్దముక్కతో సమానమని మాకు నేర్పారు. ఆ పాఠాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలిరావడం నాకు చేతకాలేదు. (పాలవాడు 'నీళ్ళు కలపలే సార్' అనగానే నా గదిలోంచి లాక్టోమీటరు బయటికి వచ్చేది. చిల్కానగర్‌లో మా ఇంటికి పాలు పోసేవాళ్ళు తరచుగా మారడానికి అదే కారణమని మా మేనత్త అనేది. ఇతర కారణాలు కూడా ఉండవచ్చు.)

నేను ఉన్నది ఆ మేనత్త ఇంట్లోనే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ముప్పావు జీవితం గడిపిన మనిషి. మామయ్య పోయాడు, పిల్లలు లేరు. బడిలో చదివే రోజుల్లో వార్షికోత్సవం ఆమె నాట్యం లేకుండా జరిగేది కాదట. తరువాత ఎందుకు మానేసిందో మా ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కొక్క కథ. ఆమెను అడిగితే "గదంతా ఇప్పుడెందుకురా" అనేది తప్ప ఏ కథనూ అవుననలేదు, కాదనలేదు.

ఒకనాటి పొద్దున వంటింటి గడప దగ్గర ఆమె చేతిలో టీ గ్లాసులతో ఆగిపోయింది. టీ చల్లారుతున్నా కదలదు. నేను పేపరు దించి చూశాను.

"ఏందత్తమ్మా, గట్ల నిలబడ్డవ్?"

"నేను నిలబడలేదురా అల్లుడా. కాలు నిలబడ్డది. నా మాట ఇంటలేదు. ఎవడో మేకు గొట్టినట్టున్నది."

ఆమె నవ్వుతూనే అన్నది. నేనూ నవ్వాను. అది మా ఇద్దరి చివరి తేలికైన నవ్వు అని అప్పుడు తెలియదు. పక్కవాటాలోని కాకినాడ పిన్నిగారు చూసి, "దిష్టండీ, నూటికి నూరుపాళ్ళూ దిష్టే. ఎర్రనీళ్ళు తిప్పి పారబోయండి, రేపీపాటికి పరుగెడతారు" అని హామీ ఇచ్చారు. తిప్పాం. మరునాడు పరుగెత్తలేదు. (ఈ ఫలితాన్ని నేను పిన్నిగారికి మర్యాదగా తెలియజేశాను. "నమ్మకం లేకుండా తిప్పితే ఎలా పనిచేస్తుందండీ?" అన్నారు. ఇటువంటి సిద్ధాంతాన్ని ఓడించడం ఎవరి తరమూ కాదు.) చివరికి నరాల డాక్టరు పార్కిన్సన్స్ అని పేరు చెప్పాడు. మాత్రలు రాశాడు. ఇది తగ్గే జబ్బు కాదు, నెమ్మదిగా పెరుగుతుంది, కాళ్ళు ఎంత ఎక్కువకాలం ఆడితే అంత మేలు, నడక మానకండి అన్నాడు.

ఆటో ఉప్పల్ చౌరస్తా దాటుతుండగా అత్తమ్మ తన మోకాళ్ళు రెండింటినీ తట్టింది. తరువాత, "కాళ్ళు ఆడాలె అన్నడు గద? ఆడిస్త" అన్నది.

ఆమె మనసులో ఉన్నది నాట్యమని నాకు ఆ వారంలోనే తెలిసింది. రెండు నాట్య విద్యాలయాలకు తీసుకువెళ్ళాను. రెండుచోట్లా గురువులు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, మనవరాళ్ళను పంపమన్నారు. తిరిగివచ్చేటప్పుడు నాచారం రోడ్డు మీద పళ్ళ డాక్టరు బోర్డుకు పైన ఇంకొక బోర్డు కనబడింది: 'బ్యాలే డాన్సు. పెద్దలకు మాత్రమే.' ఆ చివరి రెండు మాటలు మన సినిమాహాళ్ళ దగ్గర ఏ అర్థంలో చలామణీ అవుతాయో మిస్‌కు ఎవరూ చెప్పలేదు. షిఫ్టు దిగిన కుర్రాళ్ళు ఉత్సాహంగా మెట్లెక్కి, నడివయసు దాటిన కొందరు ఒక నీళ్ళపైపును పట్టుకుని మోకాళ్ళు వంచుతూ మూలుగుతున్న దృశ్యం చూసి, ఎక్కినంత వేగంగానూ దిగిపోయేవారట. (ఇది విన్నది. ఒకడు మాత్రం మెట్లమీద నాకే ఎదురయ్యాడు. "ఏం లేదన్నా, మస్తు మోసం" అని నన్ను హెచ్చరించి పోయాడు.)

మిస్ అత్తమ్మను పైనుంచి కిందిదాకా చూసి, "అమ్మా, ఎందుకు వచ్చింది?" అని అడిగింది. ఆమె తెలుగులో అందరూ 'వచ్చింది'లే.

"కాలు నా మాట ఇంటలేదు మిస్. జర నువ్వు జెప్పి సూడు."

"నా కాలు కూడా నాకు వినదు. మనం ఇద్దరం కలిసి చెప్తాం."

అంతే, ప్రవేశ పరీక్ష ముగిసింది.

అత్తమ్మ జీవితంలో మొదటిసారి చుడీదారు వేసుకున్నది ఆ క్లాసు కోసమే. వేసుకుని అద్దంలో చూసుకుని, "పోస్టుమ్యాన్ లెక్క ఉన్ననారా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పైన ఒక శాలువా కప్పుకున్నది. క్లాసులో అడుగు వేయబోయే ముందు, బడిలో నేర్చుకున్న ప్రకారం, వంగి నేలను తాకి కళ్ళకద్దుకున్నది. అది చూసి, నడుంనొప్పికి మందుగా చేరిన మెషిన్‌షాపు ఫోర్‌మన్ అన్న (ఆ పైపును గోడకు బిగించినది ఆయనే) తానూ తాకాడు. దిష్టి ఓడిపోయిన తరువాత క్లాసులో చేరిన కాకినాడ పిన్నిగారు చెంపలు కూడా వేసుకున్నారు. మిస్ ఆశ్చర్యపోయి ఎందుకని అడిగింది. "దాన్ని తొక్కుతం గద మిస్, ముందుగాల్నే మాఫీ అడుగుతం" అన్నది అత్తమ్మ. మిస్ తల ఊపి, "మీరు తొక్కకపోతే మాఫీ అవసరం లేదు" అన్నది.

చిక్కంతా అక్కడే ఉంది. మా వాళ్ళ కాళ్ళకు తెలిసిన నాట్యం నేలను కొట్టి పలికించేది. మిస్ నేర్పే నాట్యంలో పాదం నేలకు తెలియకుండా దిగాలి. "నో సౌండ్! పిల్లి! పిల్లి నడవాలి!" అని ఆమె అరిచేది. మావాళ్ళు పిల్లులుగా మారలేక, ఉత్సాహం వచ్చినప్పుడల్లా ధనాధనా దంచేవారు. ఒక ఆదివారం కిందినుంచి పళ్ళ డాక్టరు, చేతికి తొడుగులతోనే, ఆయాసపడుతూ వచ్చాడు. "అమ్మలారా, దండం పెడతా. నేను పన్ను మీద మిషను పెట్టంగనే మీరు దుంకుతరు. పేషెంటు ఉలిక్కిపడి నా వేలు గొరుకుతుండు." ఆయన వేలు చూపించాడు. అత్తమ్మ దానిని శ్రద్ధగా పరీక్షించి, "పండ్లు గట్టిగనే ఉన్నయి గద డాక్టర్ సాబ్, ఇంక పీకుడెందుకు?" అన్నది. ఆనాటి నుంచి క్లాసు ఆయన భోజనవేళకు మారింది.

ఇక నా పాత్ర. సంగీతం మొదలైతే అత్తమ్మ కాలు కదులుతుందని మిస్ అన్నది. నేను నమ్మలేదు. కదులుతున్నది సంగీతం వల్లనా, పైపు ఆసరా వల్లనా, మిస్ అరుపు వల్లనా, మాత్ర వేసుకున్న వేళ వల్లనా? ఇంట్లో పరీక్షలు మొదలుపెట్టాను. గడప దగ్గర ఆమె ఆగినప్పుడు రేడియో పెట్టేవాణ్ణి, కట్టేసేవాణ్ణి. నేలమీద సుద్దతో అడ్డగీతలు గీశాను. గీతలు చూస్తూ దాటింది. రేడియో వింటూ దాటింది. రెండూ లేకపోతే ఆగింది. నేను ఉత్సాహంతో మళ్ళీ రేడియో కట్టేశాను.

"ఒరేయ్, నేనేమన్న ఎలుకనారా?" అన్నది అత్తమ్మ గడపలో నిలబడి. "నాకు బాత్రూంకు పోవాలె. నీ పరీక్ష తర్వాత జేసుకో, పాట పెట్టు."

పెట్టాను. నరాల డాక్టరును అడిగితే, కొందరిలో లయ అలా సాయపడుతుంది, జబ్బును మాత్రం ఆపదు అన్నాడు. ఆ రెండో మాట నేను అత్తమ్మకు చెప్పలేదు. ఆమెకు తెలుసు. ఎందుకంటే ఒక సాయంత్రం, బస్సుస్టాపులో, నా వైపు చూడకుండా అన్నది: "ఒక్కపారి, పైపు పట్టుకోకుండ, స్టేజీ ఈ కొసకెల్లి ఆ కొసకు పోవాలెరా. గంతే. తర్వాత మంచంల పడ్డా ఫికర్ లేదు." ఆ కోరికను మిస్‌కు చేరవేసింది నేనే. మిస్ తన మడమను చేత్తో రాసుకుని, "అయితే తొందరగా చేయాలి" అన్నది.

కాలనీ కమ్యూనిటీ హాలులో ఒక మధ్యాహ్నం ఏర్పాటైంది. ముందువరసలో పళ్ళ డాక్టరు కూర్చున్నాడు. వెనక మా వీధి ఆడవాళ్ళు, ఫోర్‌మన్ అన్న బంధువులు, ఫ్యాను కిందికి వచ్చి కూర్చున్న కొందరు అపరిచితులు. ఫోర్‌మన్ అన్న, పిన్నిగారు కలిసి చేసిన మొదటి నృత్యంలో ఇద్దరూ చెరొక దిక్కుకు తిరిగి, ఒకరికొకరు వీపు చూపించుకుని ముగించారు. చప్పట్లు బాగానే మోగాయి. తరువాత అత్తమ్మ. తెల్లని చీర, బిగించి దోపుకున్న కొంగు. అంచున వంగి నేలను తాకింది. సీడీ ప్లేయరులో పియానో మొదలైంది. ఆమె పాదం లేచింది, ముందుకు సాగింది, చప్పుడు లేకుండా దిగింది. పిల్లి కాకపోయినా పిల్లికి దూరపు బంధువు అనవచ్చు. వేదిక సగందాకా వచ్చింది. కుడిచెయ్యి తలపైకి ఎత్తింది.

కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి, పియానో ఆగింది, అత్తమ్మ ఆగింది. కిటికీ వెలుతురులో, ఒక కాలు ముందుకు చాచి, చెయ్యి పైకెత్తి, బొమ్మలా. హాలులో అందరికీ అది ఎంతో అందమైన భంగిమ. నాకు మాత్రం మా వంటింటి గడప. సంగీతం లేదు, పైపు లేదు, నేలమీద సుద్దగీతలు లేవు. నేను లేచి నిలబడ్డాను. తెర పక్కన ఉన్న మిస్ నా వైపు అరచెయ్యి చూపించి, కూర్చోమంది. కూర్చోలేదు, కదలనూ లేదు. ఆ హాలులో ఆగిపోయినవాళ్ళం ఇద్దరం.

అప్పుడు వెనక వరసలో మా వీధి ఆడవాళ్ళలో ఎవరో, పాట ఆగితే ఆట ఆగకూడదని కాబోలు, బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు కొట్టే చప్పట్లు మొదలుపెట్టారు. ఒకరి వెంట ఒకరు అందుకున్నారు. అత్తమ్మ చెయ్యి నెమ్మదిగా దిగింది, రెండో చేతిని కలిసింది, ఒక్క చప్పట కొట్టింది. కాలు కదిలింది. వంగుతూ లేస్తూ, బ్యాలేకు గాని మరి దేనికి గాని చెందని నడకతో, ఆమె వేదిక ఆ కొసకు చేరింది. మిస్ అక్కడ ఆమెను పట్టుకుని, వదలలేదు. పళ్ళ డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. (చెమట కూడా కావచ్చు. ఫ్యాన్లు లేవు.)

ఇంటికి వచ్చాక అడిగాను. "అత్తమ్మా, నడిమిట్ల కాలు ఆగిపోయిందా, నువ్వే నిలిపినవా?"

"నువ్వే జెప్పు. అన్ని చెక్ జేసేటోనివి నువ్వే గద" అన్నది. అంతకుమించి ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

మిస్‌ను అడిగితే, "నా జీవితంలో చూసింది, అది బ్యాలెన్స్. బెస్ట్ బ్యాలెన్స్" అన్నది, కాని మిస్ ఆమెను ప్రేమించిన మనిషి, ఆ సాక్ష్యం పనికిరాదు. నరాల డాక్టరు, ఆగిపోయే ఉంటుంది అన్నాడు. కాని ఆయన అక్కడ లేడు. నేను చూసినది ఒకటున్నది. ఇంట్లో జబ్బుతో వణికి టీ గ్లాసులను గలగలలాడించే ఆ కుడిచెయ్యి, పైకెత్తి ఉన్నంతసేపు వణకలేదు. దానివల్ల ఏమైనా తేలుతుందా అని ఆ డాక్టరునే అడిగితే, రెండు విధాలుగానూ జరగవచ్చునన్నాడు.

తరువాతి సంవత్సరాలు ఆమె భయపడినట్టే నడిచాయి, లేదా నడవలేదు. మొదట మెట్లు, ఆ తరువాత వీధి, చివరికి గది దూరమయ్యాయి. మిస్ కూడా క్లాసు మూసి, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. గొంతు సన్నబడి, అత్తమ్మ మాట నోటి దగ్గర చెవి పెడితే తప్ప వినబడేది కాదు. తెలంగాణ రాష్ట్రం వచ్చిననాడు వీధిలో డప్పులు మోగుతుంటే, దుప్పటి కింద ఆమె కాలివేళ్ళు ఆ దరువుకు కదలడం చూశాను. ఇది విన్నది కాదు, చూసిందే. ధైర్యం చేసి ఆ పాత ప్రశ్నే మళ్ళీ అడిగాను. ఆమె నా వైపు చూసింది. ఆ జబ్బు ముఖాన్ని కూడా బిగించేస్తుంది. బిగుసుకున్న ముఖం వెనక మనిషి నవ్వుతున్నదో లేదో చెప్పే పరీక్ష నాకు ఏ ప్రయోగశాలలోనూ దొరకలేదు. ఆ వానాకాలంలోనే ఆమె పోయింది.

కాబట్టి ప్రశ్న అలాగే ఉన్నది. ఆమె ఆగిపోయిందా, ఆగిందా? ఒక్కసారే జరిగింది, మళ్ళీ జరిపి చూసే వీలు లేదు, తెలిసిన ఒకే ఒక్క మనిషి చెప్పకుండా వెళ్ళిపోయింది. నాకిప్పుడు మోకాళ్ళు పట్టేసే వయసు వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరనుకున్నప్పుడు ఒక కాలు ముందుకు చాచి, చెయ్యి పైకెత్తి, మనిషి ఎంతసేపు ఇలా ఉండగలడో చూస్తుంటాను. మొన్న మా అమ్మాయి తలుపు తీసుకుని వచ్చి, "నాన్నా, ఏంది గిది?" అని కంగారుపడింది. ప్రయోగమని చెప్పేలోగా నా కాలు ధబ్బున కింద పడింది. అత్తమ్మ నిలిచినంతసేపు నేను ఏనాడూ నిలవలేకపోయాను. దీనివల్ల ఆమె గురించి ఏమీ ఋజువు కాదు. నా కాలు గురించి మాత్రం కొంత తెలిసింది.