పడవలో అనకూడని మాట

మా నదిమీద పడవ ఎక్కాక ఒక పేరు ఎత్తకూడదు. ఏ చేపకోసమైతే జనం ఎక్కడెక్కడినుంచో వచ్చి ఎముకలు కొరికే చలిలో నిలబడతారో, ఆ చేప పేరే ఎత్తకూడదు. ఇంట్లో అనుకోవచ్చు, పబ్బులో అనుకోవచ్చు, సంతలో గొంతెత్తి అరవొచ్చు. పడవలో మాత్రం ‘దొర’ అనాలి. నోరుజారి ఎవరైనా సాల్మన్ అన్నారో, పడవలో ఉన్న ప్రతివాడూ చప్పున ఇనుము ముట్టుకోవాలి. తెడ్డు ఆనే కొక్కెమో, జేబులో చాకో, బూటు అడుగు మేకో, ఏదైనా సరే. పంది పేరుకీ అంతే, పాదిరిగారి పేరుకీ అంతే. పాదిరిగారిని పడవలో ‘నల్లకోటాయన’ అంటాం. ఆయనకీ ఆ సంగతి తెలుసు.

నా పేరు కత్‌బర్ట్ డాడ్స్. ఊళ్ళో బడి దాటి చదువుకోలేదు. ట్వీడ్ నది రెండు దేశాల నడుమ పారే చోట, ఇంగ్లండ్ వైపు ఒడ్డున యాభై ఏళ్ళు పడవ నడిపాను. నా పడవలో కూర్చుని నలభై పౌన్లు దాటిన దొరను పట్టినవారున్నారు. ఒక పెద్ద న్యాయమూర్తికి గాలం విసరడం నేర్పింది నేనే. విసురు పోటీలో వెండి గిన్నె గెలిచింది నేనే, అది ఇప్పటికీ మా అల్మరాలో మెరుస్తూ ఉంది. ఈ నదిమీద ఇప్పుడు పడవలు నడుపుతున్నవాళ్ళలో సగంమంది తాడు పట్టడం నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇన్ని తెలిసిన నాకు సాటి అని ఒప్పుకోదగ్గ మనిషి ఒక్కడే ఉండేవాడు. అతను ఎదురొడ్డున ఉండేవాడు. స్కాట్లండ్ వైపు. నికొల్ హోగార్త్.

మడుగు ఒక్కటే, ఒడ్లు రెండు. నది నడిమి గీత దాటి వాళ్ళ ఈగ మా వైపు పడకూడదు, మాది వాళ్ళ వైపు పడకూడదు. ఈగ అంటే నిజం ఈగ కాదు, గాలపు ముల్లుకు ఈకలు చుట్టి కట్టేది. సెప్టెంబరు నడిమినుంచి నవంబరు ఆఖరుదాకా, బీచి చెట్ల ఆకులు రాలి నీటిమీద తేలే రోజుల్లో, మా నదిలో ఆ ఈగ తప్ప మరో ఎర చెల్లదు. పడవవాడి పని చెబితే చిన్నది. గాలం వేసే ఆసామి పడవలో కూర్చుంటాడు. పడవవాడు ఒడ్డునుంచి తాడు పట్టి, ఒక్కొక్క విసురుకీ ఒక్కొక్క గజం చొప్పున పడవను దిగువకి వదులుతాడు. కుదుపు ఉండకూడదు. కుదిపితే ఈగ అదురుతుంది, దొర మొహం తిప్పుకుంటాడు. చెప్పడానికింతే, చేతికి రావడానికి సగం ఆయుష్షు పడుతుంది.

నికొల్ తాడు పడితే పడవ తనంతట తాను దిగుతున్నట్టుండేది. ఆ మాట అతనికి నేను ఎన్నడూ చెప్పలేదు. చెప్పే వీలెక్కడ? పొద్దున్నే మంచు విడకముందే ఎదురొడ్డునుంచి అరుపు వినబడేది.

“ఒరే కడీ! మీ ఒడ్డున దొరకి చుట్టాలెవరూ లేరట్రా? అందరూ మా ఇంటికే దిగుతున్నారు!”

మా వైపు కత్‌బర్ట్ అన్న పేరుని ముద్దుగా కడీ అంటారు. వాళ్ళ వైపు కడీ అంటే గాడిద. ఆ ఒక్క హాస్యంతో నలభై ఏళ్ళు నెట్టుకొచ్చాడు మహానుభావుడు.

“మీ ఇంట్లో భోజనం బాగోక రాత్రికి మా ఇంటికే వస్తార్లేరా!” అని నేను అరిచేవాణ్ణి. నా పడవలో ఉన్న ఆసామి నవ్వేవాడు. అతని పడవలో ఉన్న ఆసామీ నవ్వేవాడు.

ఇన్నేళ్ళలో అతను నా పడవ ఎక్కలేదు, నేను అతని పడవ ఎక్కలేదు.

ఒక ఏప్రిల్ నెలలో, పడవ బోర్లించి తారు పూస్తూ నికొల్ కుప్పకూలాడు. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. భార్య ఎప్పుడో పోయింది, ఉన్నది ఒక్కతే కూతురు, ఎల్స్‌పెత్. బడిలో వంట చేస్తుంది. తండ్రి మంచం పక్కన కూర్చుని మంచినీళ్ళు పట్టింది. రెండు గుక్కలు తాగి అతను పెదవులు కూడదీసుకుని ఒక్క మాట అన్నాడు.

“సాల్మన్.”

నర్సు మహా సంబరపడి, ఆ మధ్యాహ్నం ఉడికించిన చేపముక్క పళ్ళెంలో పెట్టి తెచ్చింది. నికొల్ దాన్ని చూసి, నర్సును చూసి, ఎడమచేత్తో పళ్ళెం తోసేశాడు. “సాల్మన్!” అన్నాడు కోపంగా. తీసుకుపొమ్మని.

అప్పుడు తెలిసింది. ఉన్న మాటలన్నీ పోయి అతనికి మిగిలింది ఆ ఒక్కటే. దాహమైతే అదే, కూతురు పేరూ అదే. అర్ధశతాబ్దం పడవలో ఎన్నడూ ఎత్తని పేరు నాలుకమీద అతుక్కుపోయి కూర్చుంది.

“లోపల అణిచిపెట్టిందంతా ఒక్కసారి బయటపడిందేమో, బాబాయ్” అంది ఎల్స్‌పెత్ నాతో. నవ్వబోయింది, నవ్వు రాలేదు.

ఎండాకాలం గడిచేసరికి చేతికర్రతో, కాలీడ్చుకుంటూ నడవగలిగాడు. సెప్టెంబరు వచ్చింది, వానలు పడ్డాయి, నది తేయాకు రంగుకి తిరిగింది. దొరలు సముద్రంనుంచి ఎక్కుతున్నారు. నికొల్ రోజూ పొద్దున్నే బూట్లు తొడిగించుకుని, తుండుగుడ్డ మెడకి చుట్టుకుని, పడవ షెడ్డు దగ్గర బెంచీమీద కూర్చునేవాడు. ఎదురొడ్డునుంచి నాకు కనిపించేవాడు. పడవ నీళ్ళలోకి తోసే వేళకి లేచి నిలబడేవాడు.

అతని చోట్లో కొత్తగా వచ్చినవాడు ఆడమ్ స్వాన్. చెడ్డవాడు కాడు. పెద్దాయనంటే గౌరవమే.

“ఇవాళొద్దు నికొల్ అన్నా, చలి ఎక్కువగా ఉంది” అనేవాడు.

“సాల్మన్” అనేవాడు నికొల్, బతిమాలుతున్నట్టు.

అంతే. షెడ్డు ముందున్న వాళ్ళందరి చేతులూ జేబుల్లోకి, చాకులమీదికి పోయేవి. గాలం వేయడానికి దూరంనుంచి వచ్చిన ఆసాములు కూడా మా పద్ధతి నేర్చుకున్నవాళ్ళే. ఆ మాట తప్ప మరో మాట లేని మనిషిని పడవలోకి ఎక్కించుకునేదెవరు? పడవ వెళ్ళిపోయేది. నికొల్ కూర్చునేవాడు. రోజూ ఇదే తంతు.

మా నదిమీద ఒక ఆనవాయితీ ఉంది. నవంబరు ఆఖరు రోజున ఆఖరు గంట పడవవాడిది. ఏడాదంతా ఇంకొకడికోసం పడవ నిలిపినవాడు ఆ గంట తనకోసం గాలం వేసుకుంటాడు. ఆసాములు ఒడ్డెక్కి, విస్కీ బుడ్డి బెంచీమీద వదిలి వెళ్ళిపోతారు. అది నికొల్‌కి పండుగలాంటి గంట. ఏ ఏడూ ఒట్టి చేతులతో లేచినవాడు కాదు.

ఆఖరు వారంలో ఎల్స్‌పెత్ వంతెన దాటి సైకిలుమీద మా ఇంటికి వచ్చింది. టోపీ కూడా తియ్యకుండా గుమ్మంలోనే నిలబడింది.

“బాబాయ్, ఈ చలికాలం నాన్న దాటడని డాక్టరు చెప్పేశాడు. నాన్నకీ తెలుసు. ఆ చివరి గంట ఒక్కటి నీళ్ళమీద ఉంటే చాలు. ఆడమ్‌ని అడిగాను. వచ్చే ఏడు పడవకి అరిష్టం, ఆసాములు రారు, నా బతుకు పోతుందన్నాడు. వాణ్ణి తప్పు పట్టలేను. నీ పడవలో…”

“మీ నాన్న ఇంగ్లీషు పడవ ఎక్కుతాడా?”

“ఎక్కడు. కానీ నువ్వు పిలిస్తే ఎక్కుతాడు.”

నవంబరు ఆఖరు రోజు పొద్దుటినుంచీ ఉత్తరపు గాలి. నా ఆసామి తొందరగానే ఒడ్డెక్కి వెళ్ళిపోయాడు. నేను పడవలో ఒంటరిగా కూర్చుని, నడిమి గీత దాటి, ఎదురొడ్డు రాతిమెట్లకి పడవ ఆనించాను. నేను ఆ గీత దాటడం అదే మొదటిసారి. షెడ్డు దగ్గర నలుగురూ నావైపు తిరిగారు. నికొల్ బెంచీమీదే ఉన్నాడు.

“ఏరా, అక్కడ పాతుకుపోయావా ఏంటి?” అన్నాను. “మా ఇంటికి చుట్టాలు రారన్నావుగా. ఒక్కణ్ణి తీసుకుపోదామని వచ్చా. లే.”

నికొల్ నా మొహంలోకి చూశాడు. జాలికోసం వెతికాడు. నా దగ్గర అది దొరకదని అతనికి తెలుసు.

“సాల్మన్” అన్నాడు చివరికి. ‘గాడిదా’ అన్నాడని నాకు స్పష్టంగా అర్థమైంది.

ఆడమ్ దగ్గరికొచ్చాడు. “కడీ పెద్దయ్యా, బాగా ఆలోచించావా? వచ్చే ఏడంతా నీ పడవకేసి దొర తొంగి కూడా చూడడు.”

“నా పడవ, నా గంట. దొర సంగతి నేను చూసుకుంటాలే. నువ్వా భుజం పట్టు.”

పట్టాడు. ఒక పక్క అతను, ఒక పక్క ఎల్స్‌పెత్. ఆసామి కూర్చునే చోట నికొల్‌ని కూర్చోబెట్టారు. నేను మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, పడవ వెనకకొస పట్టుకుని నడిపించాను. వయసు మీద పడ్డా నా పట్టు సడలలేదు. మడుగు తలాపున పడవ నిలిపి, గాలం నేనే విసిరి, గాలపు కర్ర అతని ఎడమచేతికి ఇచ్చాను. కర్ర మొదలు చంకలో ఇరికించుకున్నాడు. అలా విసరడం, అందించడం, ఒక గజం వదలడం. ఆకులు ఈగకి చిక్కుకుంటే తీసి మళ్ళీ విసరడం. వేళ్ళు మొద్దుబారిపోయాయి.

నల్లరాయి దగ్గరికి వస్తున్నాం. అక్కడ నీరు ముడతపడి మళ్ళీ సాఫీగా పారుతుంది. ఈగ ఆ ముడత దాటుతుండగా గాలపు దారం ఆగింది. గుంజుడు కాదు. ఎవరో నీళ్ళకింద మెల్లగా వేలితో పట్టుకున్నట్టు.

ట్రౌట్ చేపలు పట్టేవాడు ఇక్కడే చెడతాడు. తగలగానే కర్ర లేపుతాడు. దొరతో అది చెల్లదు. ఆయన ఈగను నోట పెట్టుకుని, వెనక్కి తిరిగి, తన చోటికి బయల్దేరేదాకా ఊపిరి బిగపట్టాలి. ఎంత అనుభవం ఉన్నా చెయ్యి మాట వినదు. కర్ర నా చేతిలో లేకపోయినా నా చేతులు పైకి లేచాయి.

“సాల్మన్” అన్నాడు నికొల్. గుసగుసగా, సాగదీసి. ఆగరా, ఆగు అని.

నా కుడిచెయ్యి తనంతట తాను తెడ్డు కొక్కెం వెతుక్కుంది. పడవ కదిలింది. కదలకుండా పట్టాలంటే రెండు చేతులూ కావాలి. కొక్కెం వదిలేశాను.

“సాల్మన్…” మళ్ళీ అన్నాడు, ఇంకా మెల్లగా. దారం చుట్టిన రీలు ఒకసారి కిర్రుమంది. అప్పుడు మొత్తం ఒళ్ళంతా వెనక్కి వాల్చి, గట్టిగా, ఒడ్డుమీద నలుగురికీ వినబడేలా అరిచాడు: “సాల్మన్!”

కర్ర వంగింది.

పోరు సంగతి నేను పొడిగించను. అతను ఎడమచేత్తో కర్ర పట్టాడు, పడవను ఒడ్డు గులకరాళ్ళకి ఆనించి రీలు తిప్పింది నేను. పో అన్నప్పుడు పోనిచ్చాను, లాగు అన్నప్పుడు లాగాను. అన్నిటికీ అదే మాట. ఒక్కసారి కూడా నేను తప్పుగా అర్థం చేసుకోలేదు. నలభై ఏళ్ళు ఎదురుబొదురుగా అరుచుకున్నవాళ్ళకి వేరే మాటలెందుకు?

దొర పక్కకి ఒరిగి వలలోకి వచ్చాడు. ముసలి మగచేప. నదిలో చాలాకాలం ఉండి ఇటికరంగు తేలాడు, కింది దవడ కొక్కెంలా వంపు తిరిగింది. అలాంటివాణ్ణి మేము చంపం. పైన గులకరాళ్ళలో గుడ్ల దగ్గర ఆయనకి పని ఉంటుంది. ముల్లు తీసి, నికొల్‌ని పడవ అంచుమీదికి ఒరిగించి పట్టుకున్నాను. అతను ఎడమచెయ్యి నీళ్ళలో పెట్టి, తోక మొదట్లో దొరను పట్టుకుని, ఎదురు ప్రవాహానికి మొహం తిప్పి నిలిపాడు. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఆపి పట్టారో చెప్పలేను.

తోక ఒకసారి అదిరింది. నికొల్ వేళ్ళు విప్పాడు.

“సాల్మన్” అన్నాడు.

ఏప్రిల్ తరవాత ఆ మాట మొదటిసారి దాని అర్థంతోనే వచ్చింది. మరేదీ అందులో లేదు. నేను ఇనుము వెతకలేదు.

ఫిబ్రవరి మొదట్లో, కొత్త ఋతువు తెరిచిన వారానికే, అతను పోయాడు. వాళ్ళ వైపు ఆచారం ప్రకారం శవపేటికను ఎనిమిది తాళ్ళతో దింపుతారు. ఎవరికి ఏ తాడో ముందే చెప్పిపంపుతారు. తల వైపు తాడు దగ్గరివాళ్ళది. ఆడవాళ్ళు పట్టరు. ఎల్స్‌పెత్ పట్టింది. కాళ్ళ వైపు తాడు, తలకి ఎదురుగా ఉండేది, నాకిచ్చింది. పక్క తాళ్ళు ఆడమ్‌కీ, మిగతా పడవవాళ్ళకీ. రెండు ఒడ్లవాళ్ళమూ ఉన్నాం. నల్లకోటాయన ప్రార్థన చదివి పక్కకి జరిగారు.

“మెల్లగా” అన్నాను. వాళ్ళలో సగంమందికి తాడు వదలడం నేర్పింది నేనేగా. ఒక్కొక్క జానెడు చొప్పున వదిలాం. ఎక్కడా కుదుపు లేదు.

సగం దిగాక ఎల్స్‌పెత్ గొంతు వినబడింది. తండ్రి అన్నట్టే, సాగదీసి, మెల్లగా.

“సాల్మన్…”

ఎనిమిది జతల చేతులు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఇనుము ఎవరి జేబులో వాళ్ళకి ఉంది. తాడు వదిలితేగాని అందదు.

ఎవరూ వదల్లేదు. నికొల్ నిదానంగా దిగాడు.