గోడకు బిగించిన జాలీలు

ఇరవై ఏళ్లు దాటింది. నిజం చెప్పిన మనిషిని నలుగురిలో అబద్ధాలకోరుగా నిలబెట్టాను. ఆ బరువు నా భార్యకు కూడా తెలియనివ్వలేదు. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే ఈ మాట రాయలేనేమో.

తొంభైల్లో మస్కట్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. మాది జగిత్యాల వైపు పల్లె. వైరు ఒలవడం కూడా రాని నాకు పని నేర్పింది కడప కాసిం భాయ్. అక్కడి హమ్రియా పేటలో ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. జ్వరమొస్తే నాకు గంజి కాచి పోసినవాడు.

రుస్తాఖ్ ఊరు దాటాక కొండల్లో, కరెంటు చేరని ఒక ఇంటికి సోలార్ పెట్టడానికి వెళ్లాం. ఆ ఇంటి పెద్దావిడ మాకు ఖర్జూరాలు, కహ్వా కాఫీ ఇచ్చింది. పైకప్పు మీద పలకలు భాయ్ బిగిస్తున్నాడు. కింద బ్యాటరీల గది నాది. చార్జవుతున్నప్పుడు బ్యాటరీల నుంచి గ్యాస్ వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. అది బయటికి పోయేలా గోడకు రెండు కన్నాలు కొట్టి జాలీలు పెట్టమన్నాడు.

రాతి గోడ. ఉలి దిగలేదు. చేతులు బొబ్బలెక్కాయి. భాయ్ మెట్లు దిగుతున్న చప్పుడైంది. గార పూతలోకి మేకులు కొట్టి, కన్నాలు కొట్టకుండానే ఉత్త గోడ మీద జాలీలు బిగించేశాను. ఆయన గుమ్మంలోంచి చూసి తలూపాడు. రేపు కొడదాంలే అనుకున్నాను. మర్నాడు వేరే సైట్‌కు పంపారు. అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? భయమా, బద్ధకమా? ఆయన దృష్టిలో పనిమంతుడిగా ఉండాలన్న ఆశా?

ఆ గదిలోకి నిప్పు తేవద్దని భాయ్ ఇంట్లోవాళ్లకు అరబ్బీలో చెప్పే వచ్చాడు. పెద్దావిడ మరిచిందో, ఆమెకెవరూ చెప్పలేదో. ఒక శుక్రవారం సాంబ్రాణి ధూపం గది గదికీ తిప్పుతూ అక్కడికీ వెళ్లింది. గది పేలింది. బ్యాటరీల యాసిడ్ మొహాన పడి రెండు కళ్లూ పోయాయి.

శుభ్రం చేయడానికి కంపెనీ నన్నే పంపింది. జాలీలు ఇంకా గోడకే ఉన్నాయి. కన్నాల్లేని గోడ మీద అవి కనబడితే నా మోసం తెలిసిపోతుందని, రెండూ పీకి దూరంగా ఎండిన వాగు వాదీలో పారేశాను. మొదటిదాన్ని తప్పు అనుకోవచ్చు. దీన్ని ఏమనాలి? ఇది తెలిసి, ఆలోచించి, అటూ ఇటూ చూసి చేసిన పని.

ఆ సైట్ పనికి పెద్ద భాయే కాబట్టి, ఆఫీసులో మేనేజర్ ఆ బోసి గోడ ఫోటో ఆయన ముందు పెట్టాడు. జాలీలు ఉన్నాయని భాయ్ ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి నా వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"జాలీలు నేను నా కండ్లతో చూసినా అబ్బీ. నువ్వన్నా చెప్పు."

"నాకు యాదికి లేదు భాయ్."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపముంటే ఇన్నేళ్లు బతకడం సులువయ్యేది.

వారం తిరక్కుండా ఆయన వీసా క్యాన్సిల్ చేసి పంపేశారు. ఆయన చోట నన్ను పెట్టారు. నేను కాదనలేదు. కొన్నేళ్లకు కడపవాడొకడు కలిసి భాయ్ చనిపోయాడని చెప్పాడు. మస్కట్ సంగతి ఎత్తితే ఆయన లేచి వెళ్లిపోయేవాడట. పెద్దావిడ ఏమైందో కనుక్కునే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. కాసిం భాయ్ అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఇంతకాలం పట్టింది. రాశాక, ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది.