ముదగల్‌కు వెనక చక్రంతో

ఫిబ్రవరి రెండో మంగళవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు రాయచూరు బస్టాండులో లింగసుగూరు బస్సు ఎక్కాను. ఒక చేతిలో గుడ్డసంచి, ఇంకో చేతిలో సైకిల్ వెనక చక్రం. టైరు, ట్యూబు తీసేసి, పాత దుప్పటి ముక్క చుట్టి, పురికొసతో కట్టాను. పాత గేరు సైకిల్ ఇంట్లో ఉన్నవాళ్ళు ఇలాంటి పని మీద బయలుదేరితే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సైకిల్ మా ఆయన నారాయణగారిది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు డెబ్బై ఐదు, నాకు డెబ్బై ఒకటి. ముదగల్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, 1992లో కొన్న సైకిల్ అది. వెనక ఐదు గేర్లు. రాయచూరుకు వచ్చాక కూడా రోజూ తెల్లవారి ఐదున్నరకు బయలుదేరి, రైల్వే వంతెన ఎక్కి దిగి, అవతల టీ హోటల్లో ఇద్దరు స్నేహితులతో కూర్చుని, ఏడున్నరకు ఇల్లు చేరేవారు.

పోయిన జూలైలో కుడి మోకాలు వాచింది. వాపు తగ్గాక డాక్టరు సైకిల్ తొక్కమనే చెప్పారు, బలంగా అదిమి మాత్రం తొక్కవద్దన్నారు. కానీ వంతెన ఎక్కాలంటే అదమక తప్పదు. రెండుసార్లు మధ్యలో దిగి నెట్టుకుంటూ పోయారు. రెండోసారి ఎవరో మోటార్‌సైకిల్ ఆపి, "తాతా, నెట్టాల్నా" అని అడిగారట. మరునాటి నుంచి సైకిల్ గోడకు ఆనించి ఉంది. ఆటోలో వెళ్ళి రమ్మంటే, "ఆటోల ఏసుకొని పోయేదానికి నేనేమన్న బియ్యం బస్తనా" అన్నారు. స్నేహితులు ఇంటికి వస్తే టీవీ ముందు నుంచి లేవలేదు. క్రమంగా మాటలు కూడా తగ్గాయి. డిసెంబరులో ఒక రోజు, లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఆయన నోటి నుంచి వచ్చిన మాటలు లెక్కపెట్టాను. పదకొండు. అందులో మూడుసార్లు "చాలు". ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తేలికైన గేరు ఉంటే సీటు మీంచి దిగకుండానే వంతెన ఎక్కవచ్చు కదా అని నాకు తోచింది. వెనక ఇరుసు మీద చిన్నా పెద్దా పళ్ళ బిళ్ళలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఆ గుత్తిని ఫ్రీవీల్ అంటారు. దుకాణానికి పోయి, ఐదు బిళ్ళలది తీసేసి ఏడు బిళ్ళలది వేయమన్నాను. కొత్తది అమ్మారు గానీ, పాతదాన్ని విప్పే పనిముట్టు ఇప్పుడు ఎక్కడా దొరకదు, చక్రమే పారేయమన్నారు. అప్పుడు ముదగల్‌లో ఈ సైకిల్‌ను బాగుచేసే ఖాజాసాబ్ గుర్తొచ్చాడు. అక్కడి పాత పక్కింటివాళ్ళకు ఫోన్ చేసి, దుకాణం ఇంకా తెరుస్తున్నాడని రూఢి చేసుకున్నాకే బయలుదేరాను.

గడప దాటుతుంటే మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా అన్నారు: "చక్రం కొత్తది చేపిచ్చుకొస్తవ్. మోకాలు యాడికెల్లి తెస్తవ్?"

నేను పురికొస ముడి ఇంకోసారి బిగించి, మెట్లు దిగాను.

బస్సులో ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి, కండక్టరు నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు ఇచ్చాడు. తరవాత చక్రం వైపు వేలు చూపించి, "అజ్జీ, నీవు ఫ్రీ. ఇదు ఫ్రీ అల్ల" అన్నాడు. నాకు ఉచితమే గానీ దానికి కాదని, ఇరవై రూపాయల లగేజీ టికెట్టు కొట్టాడు. టికెట్టు తీసుకున్నది కాబట్టి నా చక్రానికి సీటు పక్కన నిలబడే హక్కు వచ్చింది.

ఏడూ ఇరవై ఐదుకు సిరవారలో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. కాలువ కింద వరి పండించడానికి వచ్చి స్థిరపడ్డ ఆంధ్రావాళ్ళ క్యాంపు మనిషి అని మాట వినగానే తెలిసింది.

"ఏవండీ పిన్నిగారూ, మిగతా సైకిలు ఏదండీ?"

"ఇంట్ల ఉంది. బస్సుల పట్టదని దీన్నొక్కదాన్నే తెచ్చిన."

సంగతంతా చెప్పాను. ఆవిడ విని, "అంత కష్టపడే బదులు బ్యాటరీ స్కూటీ ఒకటి కొనిపెట్టెయ్యకపోయారా? మా ఆయనకి అదే కొన్నామండి" అంది.

"తొక్కుతున్నరా మరి?"

"తొక్కడం దేనికండీ, అది దానంతటదే పోద్ది. ఆయనే పోవట్లేదు. కవరు కప్పి దానికి కాపలా కూర్చున్నారు."

ఇద్దరం నవ్వుకున్నాం. కవితాళ్ దాటాక రోడ్డు బాగా లేదు. ప్రతి గుంతకూ చక్రం పక్కకు వాలుతుంటే ఆవిడ అడగకుండానే ఒక చెయ్యి దాని మీద వేసి, లింగసుగూరు దాకా తీయలేదు.

తొమ్మిదీ ఇరవైకి లింగసుగూరు. బస్టాండు ఎదుట బొరుగుల ఉగ్గాని, ఒక మిరపకాయ బజ్జీ, టీ. నలభై ఐదు రూపాయలు. తొమ్మిదీ యాభైకి ముదగల్ బస్సు, పదీ ఇరవై ఐదుకు ముదగల్. కోట వైపు పోయే దారిలో పది నిమిషాలు నడిస్తే ఎడమ చేతి వైపు ఖాజాసాబ్ దుకాణం. రేకుల పంచ, ఒక బల్ల, సామాను కదలకుండా పట్టి ఉంచడానికి దానికి బిగించిన వైసు. అంతే.

ఆయనకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. నన్ను గుర్తుపట్టలేదు. దుప్పటి విప్పగానే చక్రాన్ని గుర్తుపట్టాడు. చువ్వల మీద వేళ్ళు పోనిస్తూ, "ఈ పుల్లలు నేనే కట్టిన. ఒక్కో పుల్ల మూడు పుల్లల్ని దాటాలె, ఆఖరుదాని కిందికెల్లి పోవాలె. నా చెయ్యే" అన్నాడు. తరవాత తలెత్తి నన్ను చూశాడు. "కాంపౌండర్ సాబ్ ఇంటోళ్ళా? సాబ్ ఉన్నడా అమ్మా?"

"ఉన్నరు. తొక్కుతలేరు."

ఆయన స్టూలు తుడిచి జరిపాడు. ఉర్దూ, కన్నడ, తెలుగు మూడూ కలిపి మాట్లాడుకున్నాం. అంతా చెప్పి, సంచిలోంచి ఏడు బిళ్ళల కొత్త ఫ్రీవీల్ తీసి బల్ల మీద పెట్టాను. సైకిల్‌కు వెనక చక్రం బిగించే రెండు కాళ్ళ మధ్య సందు పన్నెండు సెంటీమీటర్ల ఆరు మిల్లీమీటర్లని కాగితంలో రాసుకొచ్చింది కూడా చూపించాను. "ఇంత బరాబర్ లెక్క మెకానిక్కులు గూడ తేరు" అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, "పెద్ద బిళ్ళ పండ్లు లెక్కపెట్టిన్రా?" అని అడిగాడు.

లెక్కపెట్టలేదు. అక్కడే కూర్చుని లెక్కపెట్టాను. కొత్తదాని పెద్ద బిళ్ళకు ఇరవై ఎనిమిది పళ్ళు. పాతదానికీ ఇరవై ఎనిమిదే.

"నిచ్చెనకు నడుమ రెండు మెట్లు ఎక్కువేసిన్రు అమ్మా. నిచ్చెన పొడుగు అంతే ఉంది. బిళ్ళలు ఎన్నని కాదు, పెద్దదానికి పండ్లెన్నని చూడాలె. పండ్లెక్కువుంటే కాలికి బరువు తక్కువ."

ముప్పై మూడేళ్ళు తాలూకా ఆఫీసులో ఇతరులు రాసిన లెక్కల్లో తప్పులు పట్టి జీతం తీసుకున్నదాన్ని. బిళ్ళలు లెక్కపెట్టి పళ్ళు మరిచిపోయాను. చక్రం మోసుకుని ఇంత దూరం రాకపోతే, అదే బిగించి వంతెన మీదికి పంపేదాన్ని. మా ఆయన మూడోసారి దిగేవారు. ఆ తరవాత ఇంక సైకిల్ ఎక్కేవారు కాదు.

ఖాజాసాబ్ గూట్లోంచి నూనె కాగితంలో చుట్టిన ఆరు బిళ్ళల ఫ్రీవీల్ తీశాడు. పెద్ద బిళ్ళ పళ్ళు రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు.

ఇక పాతదాన్ని విప్పాలి. దానికి రెండు గాట్లు మాత్రమే ఉంటాయి. ఆ గాట్లలో కూర్చునే పనిముట్టును ఖాజాసాబ్ ఎప్పుడో లారీ పట్టీ ముక్కను ఆకురాయితో అరగదీసి చేసుకున్నాడు. దాన్ని వైసులో బిగించి, చక్రాన్ని దాని మీద బోర్లించి, లారీ స్టీరింగు తిప్పినట్టు ఎడమకు తిప్పాడు. కదలలేదు. కిరసనాయిలు పోసి అరగంట ఆగాం. మళ్ళీ కదలలేదు. "మీరు అటు పట్టుండ్రి" అన్నాడు. చెరో పక్క పట్టుకుని ఒక్కసారి తిప్పాం. టక్కుమని వదిలింది. ఇద్దరం చాలాసేపు ఆయాసపడ్డాం. చక్రం పారేయాలనుకునేవాళ్ళు చువ్వలు ముందే కోసేస్తారట. అప్పుడు పట్టి తిప్పడానికి ఏమీ ఉండదు, ఫ్రీవీల్ ఇక ఊడదు. ఈ మాట గుర్తుంచుకోండి.

కొత్తది ఎక్కించాక ఇంకో అడ్డు వచ్చింది. అరిగిన చైను కొత్త పళ్ళ మీద జారుతుంది, పైగా పెద్ద బిళ్ళకు పొడుగు చాలదు. కొత్త చైను కొలిచి కోయాలంటే పాతదాని లింకులు ఎన్నో తెలియాలి. అది నా కాగితంలో లేదు. ఇంటికి ఫోన్ చేశాను. మా ఆయన ఎత్తేసరికి ఎనిమిది రింగులు.

"చైన్ల ఎన్ని లింకులున్నయో లెక్కపెట్టి చెప్పుండ్రి."

"ఎందుకు?"

"ఖాజాసాబ్ అడుగుతున్నడు."

"ఖాజాసాబ్ ఇంకా ఉన్నడా?" అన్నారు. వెనక వినిపిస్తున్న టీవీ చప్పుడు ఆగిపోయింది.

పద్నాలుగు నిమిషాలకు ఆయనే ఫోన్ చేశారు. "నూట ఆరు."

"ఇంకోసారి లెక్కపెట్టుండ్రి."

"రెండుసార్లు లెక్కపెట్టిన. నీతోని నలభై తొమ్మిదేండ్లు కాపురం చేసిన, గంత తెల్వదా? పెద్ద బిళ్ళకు పండ్లెన్ని?"

"ముప్పై నాలుగు."

"నా నోట్ల గూడ అన్ని లెవ్వు. ఫోను సాబ్‌కియ్యి."

వాళ్ళిద్దరూ ఉర్దూలో మాట్లాడుకున్నారు. చైనును బిళ్ళ మీంచి బిళ్ళకు నెట్టే చెయ్యి అంత పెద్ద పళ్ళకు అందుతుందా అని ఆయన సందేహం. చిన్న ఇనుప పట్టీ వేసి కిందికి దించితే అందుతుందని ఈయన సమాధానం. అక్కడి నుంచి పాత డాక్టర్లు, పాత జ్వరాలు, ఎవరు పోయారు, ఎవరున్నారు. మా ఆయన మాటలు లెక్కపెట్టడం నేను మధ్యలో మానేశాను.

నాలుగు లింకులు కలిపి నూటపది దగ్గర కొత్త చైను కోసి, ఆ ఇనుప పట్టీకి బెజ్జం వేసి, చక్రం వంకర కూడా తీసి ఇచ్చాడు. సామానూ కూలీ కలిపి పదమూడు వందల యాభై. ఏడు బిళ్ళలది దుకాణంలో తిరిగి ఇచ్చేస్తాను, రసీదు ఉంది.

రెండూ నలభైకి ముదగల్‌లో బస్సు, మూడూ నలభైకి లింగసుగూరులో రాయచూరు బస్సు. ఈసారి కండక్టరు చక్రాన్ని చూడనట్టు నటించాడు. ఒకే రోజులో పోయి రావచ్చు, బస అక్కరలేదు. మంచినీళ్ళు మాత్రం తీసుకెళ్ళాలి. కిటికీలోంచి ఒక పక్క జొన్న, ఇంకో పక్క కంది కోసేసిన మొదళ్ళు, సిరవార దగ్గర పడ్డాక పచ్చటి వరి. నాకు మాత్రం ఒకటే ఆలోచన. లింకులు లెక్కపెట్టడం వేరు, వంతెన ఎక్కడం వేరు. చక్రం చేతికిస్తే గోడకు ఆనించి మళ్ళీ టీవీ పెట్టుకుంటే ఏం చెయ్యాలి? ముదగల్‌లో దానికి పనిముట్టు లేదు.

ఆరూ నలభై ఐదుకు రాయచూరు. నేను మెట్టు దిగేలోపే కింద నుంచి ఒక చెయ్యి చక్రం అందుకుంది. మా ఆయన. నా సంచి సంగతి అడగలేదు. దీపం కింద దుప్పటి విప్పి, ఇరుసు రెండు చేతులా పట్టుకుని నన్ను తిప్పమన్నారు. తిప్పాను. చెవి దగ్గర పెట్టుకుని, అది ఆగేదాకా విన్నారు. ఆయన వేళ్ళకు చైను నూనె మరకలు ఇంకా ఉన్నాయి.

"పొద్దుగాల ఐదింటికి లేపు. నువ్వు చైను పట్టుకోవాలె, నేను ఎక్కిస్త. ఎండ రాకముందే వంతెన దాక పోయొస్త."

నా భయం నేనే అడిగేశాను. "ఎక్కకపోతే?"

"దిగి నెడత," అన్నారు. "ఎవరన్న నెట్టాల్నా అని అడిగితే, ఆఁ, ఎనక పట్టు అంట."

ఇల్లు చేరేసరికి ఏడూ ఇరవై. అలారం నాలుగూ నలభైకి పెట్టాను. ఆయన లేచేసరికి టీ సిద్ధంగా ఉండాలి.